లైసెన్సు చూపిస్తాం, ఫోన్ మాత్రం ఇవ్వం



పోస్టు పెద్దదే. అయినా చివరిదాకా చదవండి. బండి నడిపే ప్రతి తమ్ముడికీ, ప్రతి చెల్లెకీ చదివి వినిపించండి.

పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే, పండగ వచ్చిందంటే మన గ్రూపులో ఒకటే రకం మెసేజ్‌లు. "అన్నా, డ్రంక్ అండ్ డ్రైవ్‌లో ఆపిన్రు, ఊదమంటే ఊదిన, సున్నా వచ్చింది. లైసెన్సు అడిగితే ఫోన్‌లో చూపించిన. ఫోన్ చేతిలోంచి గుంజుకొని వాట్సాప్ తెరిచిన్రు. అట్ల తెరవచ్చునా?" ఇంకో తమ్ముడిది ఇంకో మాట. "మీటర్‌లో రీడింగ్ వచ్చింది, నాది తప్పే. కానీ లైసెన్సు ఫోన్‌లో ఉంది కాబట్టి ఫోనే సీజ్ అన్నరు. కోర్టు డేట్ దాకా ఫోన్ లేకుండా ఎట్ల?" వీటికి కింద కామెంట్లు చూస్తే సగం మంది "ఇచ్చేసి రా తమ్మీ, వాళ్ళతో మనకెందుకు" అంటారు. మిగతా సగం మంది "ఏమీ ఇవ్వొద్దు, ఊదొద్దు, లైసెన్సు కూడా చూపించొద్దు" అంటారు.

రెండు మాటలూ తప్పే. మేము చెప్పేది ఒకటే. ఊదమంటే ఊదాలి. లైసెన్సు అడిగితే చూపించాలి. ఫోన్ అడిగితే ఇవ్వనక్కర లేదు. లైసెన్సు చూడటం చట్టం పోలీసుకు ఇచ్చిన అధికారం. ఫోన్ వెతకడం వేరే అధికారం, దానికి వేరే దారి ఉంది. ఈ రెండింటినీ రోడ్డు మీద రాత్రి పూట ఒకటి చేసేస్తున్నారు. మనకు తెలియదు కాబట్టి ఒకటైపోతున్నాయి.

ముందు మన ఇంటి మాట

తాగి బండి నడపడాన్ని మేము సమర్థించడం లేదు. ఇది గట్టిగా చెప్పకపోతే మిగతా మాటకు విలువ ఉండదు. సంత నుంచి తిరిగొస్తూ, జాతర నుంచి తిరిగొస్తూ బండి మీద పోయిన పిల్లలు మన గూడేల్లో, తండాల్లో లేరా? వాళ్ళ ఫోటోలకు దండలు వేసింది మనమే కదా.

కొందరు "ఇప్పసారా మన సంస్కృతి, జీలుగు కల్లు మన ఆచారం, దానికి కేసులేంది" అని పోస్టులు పెడుతున్నారు. దేవర ముందు ఇప్పసారా పోయడం ఆచారం. తాగి ముగ్గురిని ఎక్కించుకొని ఘాట్ రోడ్డు దిగడం ఏ పెద్దా నేర్పిన ఆచారం కాదు. మన తాతలు తాగిన రోజుల్లో వాళ్ళ కింద నూట యాభై సీసీ బండి లేదు. పైగా మత్తు పదార్థాల నియంత్రణ మన చేతుల్లోనే ఉండాలని 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభకు అధికారం ఇచ్చింది. ఆ అధికారం వాడుకోకుండా ఆచారం పేరు చెప్పి తప్పించుకుంటామంటే మేము ఒప్పుకోం.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 185. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉంటే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి రెండేళ్ళ దాకా జైలు, లేదా 15,000, లేదా రెండూ. ఇది హెల్మెట్ చలానా లాంటిది కాదు, కోర్టు మెట్లెక్కే కేసు. మనలో ఎంతమంది కానిస్టేబుల్ ఉద్యోగానికి గ్రౌండ్‌లో పరిగెత్తుతున్నారు? సెలెక్ట్ అయ్యాక అటెస్టేషన్ ఫారంలో కేసుల వివరం రాయాలి. దాస్తే అదే ఇంకో తప్పవుతుంది. ఒక్క రాత్రి నిషాకు ఇన్నేళ్ళ కష్టం పెట్టొద్దు.

సరే, తాగి నడిపినోడికి శిక్ష ఉంది. తాగనోడి ఫోన్‌కు ఏం శిక్ష? అసలు తాగినోడి ఫోన్‌ను మాత్రం ఎందుకు ముట్టాలి? ఇక అసలు సంగతికి వద్దాం.

పోలీసుకు చట్టం ఏమిచ్చింది?

సెక్షన్ 203: యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి, తాగి నడుపుతున్నాడని అనుమానించడానికి తగిన కారణం ఉంటే, ఊదమని అడగొచ్చు. మీటర్‌లో ఆల్కహాల్ చూపిస్తే వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. ఊదనని మొండికేసినా, తాగాడని అనుమానించే కారణం ఉంటే అరెస్టు చేయొచ్చు. అందుకే "ఊదొద్దు" అనే సలహా ఎవరూ ఇవ్వొద్దు. అది పిల్లలను ఇరికించే సలహా.

సెక్షన్ 130: యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి.

సెక్షన్ 202: 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల లోపల రిజిస్టర్డ్ డాక్టర్‌తో పరీక్ష జరగాలి. జరగకపోతే వదిలేయాలి.

సెక్షన్ 206: 2019లో దీనికి కొత్తగా నాలుగో ఉపసెక్షన్ చేర్చారు. 185 లాంటి నేరాల్లో లైసెన్సు స్వాధీనం చేసుకొని, రద్దు కోసమో సస్పెన్షన్ కోసమో లైసెన్సింగ్ అధికారికి పంపాలి. మనకు తాత్కాలిక రసీదు ఇవ్వాలి. ఆ రసీదు చూపించి బండి నడపడానికి మాత్రం లేదు.

ఇవి చిన్న అధికారాలు కావు. ఊపిరి తీసుకోవచ్చు, మనిషిని తీసుకోవచ్చు, లైసెన్సు తీసుకోవచ్చు. కానీ ఈ నాలుగు సెక్షన్లలో ఎక్కడ వెతికినా 'ఫోన్ తెరిచి చూడొచ్చు' అని లేదు. 206లో స్వాధీనం చేసుకొమ్మన్నది లైసెన్సును. లైసెన్సు ఏ సంచిలో ఉంటే ఆ సంచిని కాదు. పర్సులో లైసెన్సు ఉందని పర్సంతా సీజ్ చేస్తారా? మన చెల్లె హ్యాండ్‌బ్యాగ్‌లో కార్డు ఉందని బ్యాగ్ తీసుకుపోతారా? ఫోన్ అంతకంటే పెద్ద సంచి.

డేటా మన ఫోన్‌లో లేదు, సర్కారు దగ్గరే ఉంది

ఎలక్ట్రానిక్ లైసెన్సు గురించి మనలో చాలామందికి ఒక అపోహ ఉంది. లైసెన్సు ఫోన్‌లో ఉందనుకుంటాం. లేదు. అది సర్కారు రిజిస్టర్‌లో ఉంది. డిజిలాకర్, ఎంపరివాహన్ లాంటి యాప్‌లు ఆ రిజిస్టర్‌లో ఉన్నదాన్ని మనకు చూపించే అద్దాలు, అంతే. 2016లోనే తెలంగాణలో ఎం-వాలెట్ వచ్చింది, అదీ అలాంటి అద్దమే.

వరుసగా ఏం జరిగిందో చూడండి. 2018 ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలన్నిటికీ చెప్పింది: డిజిలాకర్‌లో, ఎంపరివాహన్‌లో ఉన్న లైసెన్సు, ఆర్సీ అసలు కాగితాలతో సమానం. నేరం జరిగినా కాగితం గుంజుకోనక్కర లేదు, ఈ-చలాన్ వ్యవస్థలో ఎలక్ట్రానిక్‌గానే స్వాధీనం చేసినట్టు నమోదు చేయొచ్చు. అదే ఏడాది నవంబర్‌లో కేంద్ర మోటారు వాహనాల నియమావళి రూల్ 139 మార్చి, పత్రాలను కాగితంగానైనా ఎలక్ట్రానిక్‌గానైనా చూపించొచ్చని రాశారు. తర్వాత 2020 అక్టోబర్ 1 నుంచి ఇంకో సవరణ అమల్లోకి వచ్చింది. అందులో రెండు మాటలు మనకు ప్రాణం లాంటివి.

మొదటి మాట. అధికారి ఎలక్ట్రానిక్ పద్ధతిలో వివరాలు సరిచూసుకున్నాక, కాగితం అడగకూడదు. పత్రం స్వాధీనం చేసుకోవాల్సిన నేరం జరిగినా సరే అడగకూడదు.

రెండో మాట. పత్రాలు తనిఖీ చేసినప్పుడు ఆ తేదీ, సమయం, తనిఖీ చేసిన అధికారి ఎవరన్నది పోర్టల్‌లో నమోదు కావాలి. ఎందుకు పెట్టారు ఈ నియమం? పదే పదే ఆపి డ్రైవర్లను వేధించకుండా ఉండేందుకని ఆ శాఖే చెప్పింది.

ఇప్పుడు ఆలోచించండి. లైసెన్సు సర్కారు రిజిస్టర్‌లో ఉంది. దాన్ని చూసే యంత్రం అధికారి చేతిలో ఉంది. లైసెన్సు నెంబరు చెబితే చాలు, లేదా మన స్క్రీన్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. స్వాధీనం చేసుకోవాలంటే కూడా పోర్టల్‌లోనే చేయొచ్చు. మరి మన ఫోన్ వాళ్ళ చేతికి ఎందుకు పోవాలి? 'లైసెన్సు ఫోన్‌లో ఉంది కాబట్టి ఫోన్ సీజ్' అనే మాటకు చట్టంలో కాలు పెట్టడానికి కూడా జాగా లేదు.

ఇంకో సంగతి. అధికారి తన యంత్రంలో చూస్తే, చూసినట్టు అతని పేరు మీద రికార్డు మిగలాలి. మన ఫోన్ తీసుకొని వేలితో జరుపుకుంటూ చూస్తే ఏ రికార్డూ మిగలదు. ఎవరు చూశారు, ఏం చూశారు, ఎంతసేపు చూశారు, ఏది ఫోటో తీసుకున్నారు, ఎవరికీ తెలియదు. చట్టం చూపిన దారిలో పోలీసు కూడా లెక్క చెప్పాలి. ఫోన్ గుంజుకునే దారిలో మనమే లెక్క చెప్పాలి. తేడా అక్కడుంది.

ఫోన్‌లో ఏముంది?

"లైసెన్సు చూసి ఇస్తరు, ఏం పోతది" అంటారు. డిజిలాకర్ తెరిచి చూడండి. లైసెన్సు పక్కనే ఆధార్. దాని పక్కన ఎస్టీ కుల ధ్రువీకరణ పత్రం. దాని కింద ఇంటర్ మెమో. లైసెన్సులో మన తెగ పేరు ఉండదు. కానీ యాప్ మొత్తం చేతికిస్తే నువ్వు ఎవరివో, ఏ ఊరోడివో, ఎంత చదివావో, అన్నీ ఒక్క చూపులో పోతాయి. ఆ తర్వాత మాట తీరు ఎలా మారుతుందో మనకు ఎవరూ చెప్పక్కర లేదు.

యాప్ బయట ఏముంది? అమ్మతో మాట్లాడిన వాయిస్ మెసేజ్‌లు. చెల్లెళ్ళ ఫోటోలు. పోడు పట్టాల కోసం తీసిన సర్వే కాగితాలు. హాస్టల్‌లో అన్నం బాగాలేదని కలెక్టర్‌కు రాసిన అర్జీ. 1/70 భూముల మీద నడిచే చర్చలు. రేపటి ధర్నాకు ఎవరెవరు వస్తున్నారో లిస్టు. మన గ్రూపు కూడా అందులోనే ఉంది. ఒక తమ్ముడు ఫోన్ ఇచ్చాడంటే తన ఒక్కడి ఫోన్ ఇచ్చినట్టు కాదు, మనందరి ఫోన్ ఇచ్చినట్టే.

మైదానంలో పిల్లోడి ఫోన్‌లో అడవి ఫోటో ఉంటే విహారయాత్ర అంటారు. మన ఫోన్‌లో అడవి ఫోటో ఉంటే "ఇక్కడేం చేస్తున్నవ్, వీడెవడు, వీడి నెంబరెందుకుంది" అంటారు. ఏజెన్సీలో పెరిగినోళ్ళకు చెక్‌పోస్టు అంటే ఏంటో తెలుసు. ఆ ప్రశ్నలు ఇప్పుడు ఊదే మీటర్ వెనకాల దాక్కొని పట్నానికి కూడా వస్తున్నాయి. మామూలు డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీ ఇంకో తనిఖీకి తలుపు కాకూడదు, అదే మా వాదన.

ఇది మన ఊహ అనుకునేవాళ్ళకు ఒక గుర్తు. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీల పేరుతో పోలీసులు రోడ్డు మీద బండ్లు ఆపి, పిల్లల ఫోన్లు తెరిపించి, వాట్సాప్‌లో 'గంజాయి' అనే మాట వెతికిన వీడియోలు దేశమంతా తిరిగాయి. అప్పుడు కూడా వచ్చిన సమాధానం "జనం వాళ్ళంతట వాళ్ళే ఇస్తున్నరు" అనే. రాత్రి పదకొండు గంటలకు నలుగురు పోలీసుల మధ్య నిలబడి ఇచ్చింది 'వాళ్ళంతట వాళ్ళే' ఇచ్చినట్టా?

ఫోన్ వెతకడానికి దారి లేదా అంటే, ఉంది. నేరం దర్యాప్తులో ఫోన్ సాక్ష్యమైతే కోర్టు ద్వారా వారెంట్ తెచ్చుకోవచ్చు. అత్యవసరమైతే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 185 కింద, కారణాలు రాతలో పెట్టి వెతకొచ్చు. (నెంబరు ఒకటే కానీ ఇది వేరే చట్టం, మోటారు చట్టం 185తో కలపొద్దు.) సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. 2021లో కర్ణాటక హైకోర్టు కూడా, ఫోన్ వెతకడం ఇల్లు సోదా చేయడం లాంటిదేనని, మామూలుగా వారెంట్ ఉండాలని చెప్పింది. ఇక 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో తేల్చింది. ఒక మనిషి ఎంత తాగాడో తేల్చడానికి అతని వాట్సాప్ ఏ విధంగా పనికొస్తుంది? ఊపిరిలో ఉంటుంది, రక్తంలో ఉంటుంది. చాట్‌లో ఉండదు.

మనకు వినిపించే మూడు మాటలు

"తప్పు చేయకపోతే భయమెందుకు?" ఈ మాట అనేవాళ్ళు తమ ఇంటి తలుపు రాత్రి తీసి పెడతారా? దాచుకునేది ఉండటం వేరు, తప్పు ఉండటం వేరు. పైగా మన విషయంలో తప్పు చేయకపోయినా అనుమానం ముందే రెడీగా ఉంటుంది. 'అడివోళ్ళు తాగుతరు' అనేది ఎన్ని తరాల మాట! సెక్షన్ 203లో 'అనుమానించడానికి తగిన కారణం' అని ఉంది. మన ముఖం, మన యాస, మన బండి మీద రాసుకున్న కొమురం భీం పేరు తగిన కారణం కాదు. అందరినీ ఆపి ఊదమంటే మేమూ లైన్‌లో నిలబడి ఊదుతాం, అది న్యాయం. కార్లను వదిలి, మన పాత బండ్లను మాత్రమే పక్కకు పెట్టమంటే అది తనిఖీ కాదు.

"పోలీసులకు కూడా కష్టం ఉంటది." ఉంటది. రాత్రంతా రోడ్డు మీద నిలబడి, తాగినోళ్ళ తిట్లు తిని, మీదికొచ్చే బండ్లను తప్పించుకునే హోంగార్డులూ, కానిస్టేబుళ్ళూ మన ఇళ్ళల్లో కూడా ఉన్నారు. వాళ్ళ మీద మాకు కోపం లేదు. అందుకే చెబుతున్నాం: రూల్ ప్రకారం చేస్తే వాళ్ళకూ రక్షణే. పోర్టల్‌లో నమోదైన తనిఖీకి రేపు కోర్టులో విలువ ఉంటుంది. గుంజుకున్న ఫోన్‌లో చూసినదానికి సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆ కానిస్టేబులే, పైనున్న ఆఫీసర్ కాదు.

"వాదించి ఇబ్బంది పడే బదులు ఇచ్చేసి పో." ఇది మన పెద్దల మాట, భయంతో వచ్చిన ప్రేమ. కాదనం. కానీ ఫారెస్టోళ్ళు గొడ్డలి అడిగితే ఇచ్చి, నాగలి అడిగితే ఇచ్చి, చివరికి భూమి దగ్గర నిలబడ్డాం. ఇచ్చుకుంటూ పోతే ఆగే చోటు ఉండదు. వాదన వద్దు, గొడవ వద్దు, ఒక్క మాట చాలు: "సార్, లైసెన్సు చూడండి, నెంబరు రాసుకోండి. ఫోన్ నా చేతిలోనే ఉంటుంది."

ఒకసారి పోయిన డేటా

మన లైసెన్సు డేటాకు విలువ ఉందా అని నవ్వేవాళ్ళు ఇది చదవండి. 2019 జులైలో కేంద్ర రవాణా మంత్రి పార్లమెంటులోనే చెప్పారు: వాహన్, సారథి డేటాబేసులను 87 ప్రైవేటు సంస్థలకూ, 32 ప్రభుత్వ సంస్థలకూ అందుబాటులో ఉంచామని, దాని ద్వారా సుమారు 65 కోట్ల రూపాయలు వచ్చాయని. గోప్యత మీద ప్రశ్నలు వచ్చాక 2020లో ఆ అమ్మకం విధానాన్ని రద్దు చేశారు. మన పేరు, మన ఊరు, మన బండి సంతలో సరుకైనాయి. మనల్ని ఎవరైనా అడిగారా?

2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెచ్చారు. మంచిదే. కానీ నేరాలను అరికట్టడానికి, దర్యాప్తుకు వాడే డేటాకు అందులో చాలా మినహాయింపులు పెట్టారు. అంటే రోడ్డు మీద మన దగ్గర తీసుకున్న డేటాకు ఆ చట్టం పెద్ద గొడుగు పట్టదు. అందుకే తీసుకునే చోటే హద్దు గీయాలి. డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో కావాల్సింది రెండే: మీటర్ రీడింగ్, లైసెన్సు వివరం. ఊదుతుంటే తీసిన ఫోటో టీవీలోనో, ఎవడో వాట్సాప్ స్టేటస్‌లోనో తేలితే, ఆ ఆడపిల్లకో ఆ పిల్లోడికో కోర్టు వేయని శిక్ష ఊరు వేస్తుంది.

రోడ్డు మీద ఏం చేయాలి?

1. కార్డు లైసెన్సు దగ్గర పెట్టుకోండి. మన ఏజెన్సీలో సిగ్నల్ ఉండదు, యాప్ తెరుచుకోదు. పైగా కార్డు చూపిస్తే ఫోన్ ప్రస్తావనే రాదు.

2. వాట్సాప్‌లో దాచుకున్న లైసెన్సు ఫోటో చెల్లదు. డిజిలాకర్‌లో 'ఇష్యూడ్' కింద వచ్చినదే చెల్లుతుంది. మనమే స్కాన్ చేసి ఎక్కించింది కూడా చెల్లదు.

3. లైసెన్సు పేజీ ముందే తెరిచి, స్క్రీన్ మాత్రమే చూపించండి. ఫోన్‌లో యాప్ పిన్ చేసే సదుపాయం ఉంటే పెట్టుకోండి, అప్పుడు వేరే యాప్‌లోకి పోలేరు. ఫోన్ లాక్ నెంబరు ఎవరికీ చెప్పొద్దు.

4. ఊదే ముందు కొత్త గొట్టం వేయమని అడగండి. రీడింగ్ మీ కళ్ళతో చూడండి.

5. రీడింగ్ వచ్చిందా, ఒప్పుకోండి. బండి వదిలేయండి. కానీ తెలంగాణ హైకోర్టు 2021 నవంబర్‌లో చెప్పింది గుర్తుంచుకోండి: తాగని, లైసెన్సు ఉన్న మనిషి వెంట ఉంటే బండి అతనికి అప్పగించాలి, లేకపోతే బంధువునో స్నేహితుడినో పిలిపించే అవకాశం ఇవ్వాలి. ఎవరూ రాకపోతేనే బండి స్టేషన్‌కు పోవాలి.

6. అరెస్టు చేస్తే కారణం చెప్పమనండి. ఇంటికి కబురు పంపమనండి. లాయర్ లేడా? ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. నెంబరు 15100, ఫోన్‌లో సేవ్ చేసుకోండి, కాగితం మీద కూడా రాసుకోండి.

7. పదిమంది ముందు తెగ పేరు పెట్టి తిడితే అది అత్యాచారాల నిరోధక చట్టం, 1989 సెక్షన్ 3 కిందకు రావచ్చు. అక్కడ తిరగబడొద్దు. సమయం, స్థలం, ఎవరున్నారో రాసిపెట్టుకొని మాకు చెప్పండి.

8. గొంతు పెంచొద్దు. తాగి ఉన్నప్పుడు హక్కుల గురించి అసలే లెక్చర్ ఇవ్వొద్దు.

మేము అడిగేది

పోలీసు శాఖను అడుగుతున్నాం: డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో ఫోన్ అడగకూడదని, లైసెన్సును శాఖ యంత్రంలోనే సరిచూడాలని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. ఆ ఆదేశం తనిఖీ చేసే చోట బోర్డు మీద పెట్టండి.

రవాణా శాఖను అడుగుతున్నాం: 2020 నియమం ప్రకారం నమోదు కావాల్సిన రికార్డు లైసెన్సుదారుకు కూడా కనిపించాలి. నా లైసెన్సు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చూశారో నా ఫోన్‌కు మెసేజ్ రావాలి. బ్యాంకులో పది రూపాయలు తీసినా మెసేజ్ వస్తుంది కదా.

ఐటీడీఏలను అడుగుతున్నాం: ఆధార్‌లో ఒక పేరు, లైసెన్సులో ఇంకో పేరు ఉండటం వల్ల మన పిల్లల లైసెన్సులు డిజిలాకర్‌లోకి రావడం లేదు. ఇంటిపేరులో ఒక దీర్ఘం తేడా వచ్చినా చాలు. ఆర్టీఓ ఆఫీసుకు పోవాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ పోతాయి. మండల కేంద్రంలోనే లైసెన్సు మేళాలు, పేర్ల సవరణ క్యాంపులు పెట్టండి.

మన సంఘాలను అడుగుతున్నాం: ప్రతి జిల్లా కమిటీ ఒక్క సమాచార హక్కు దరఖాస్తు వేయాలి. పది రూపాయల ఫీజు. మూడు ప్రశ్నలు చాలు. గత ఏడాది డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు ఎన్ని? వాటిలో లైసెన్సు తనిఖీ పోర్టల్‌లో నమోదైనవి ఎన్ని? తనిఖీలో ఫోన్ చూడమని ఏదైనా ఆదేశం ఉంటే కాపీ ఇవ్వండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. జవాబు వచ్చినా, రాకపోయినా గ్రూపులో పెట్టండి. రాకపోతే అప్పీలు ఎలా రాయాలో మేము చెబుతాం.

మన ఊళ్ళను అడుగుతున్నాం: ఈసారి గ్రామసభలో ఒక తీర్మానం పెట్టండి. జాతరకైనా పెళ్ళికైనా తాగినోడి బండి తాళం చెవి ఊరి పెద్ద దగ్గర ఉండాలి, తెల్లారి ఇవ్వాలి. మన పిల్లలను మనమే కాపాడుకుంటే, కాపాడతాం అనే పేరుతో మన జేబుల్లో చేయి పెట్టే అవసరం ఎవరికీ ఉండదు.

చట్టాన్ని కాగితంలో రాసినవాళ్ళు మనం చదవం అనుకున్నారు. చదువుతున్నాం. రూల్ 139 ఎంతమందికి తెలుస్తే అన్ని ఫోన్లు భద్రం. మీకు జరిగింది ఉంటే కింద కామెంట్‌లో రాయండి. పోలీస్ స్టేషన్ పేరు, అధికారి పేరు రాయొద్దు, అవి అడ్మిన్‌కు విడిగా పంపండి. ఇంకో తమ్ముడికి పనికొచ్చేలా ఏం జరిగింది, ఏం చెప్పారు, ఎలా బయటపడ్డారు అనేది మాత్రం రాయండి.

తాగి నడపొద్దు. ఊదమంటే ఊదు. లైసెన్సు చూపించు. ఫోన్ ఇవ్వకు.

జల్ జంగల్ జమీన్! గిరిజన విద్యార్థుల ఐక్యత వర్ధిల్లాలి!